రకియురా నడకలో నాకు తోడైన అందరికీ కృతజ్ఞతలు

సంక్రాంతి అయ్యాక మా అమ్మాయి దగ్గరికి న్యూజిలాండ్ వెళ్తున్నానని మన హన్మకొండ వాకింగ్ మిత్రులందరికీ చెప్పాను. ఇద్దరం కలిసి రకియురా నేషనల్ పార్కులో నార్త్ వెస్ట్ సర్క్యూట్ అనే నడక దారి పూర్తి చేసి క్షేమంగా తిరిగొచ్చాం. ఈ నడక వెనక చాలామంది చేతి సాయం ఉంది. నలుగురిలో చెప్పుకుంటేనే నాకు తృప్తి.

కొత్తవాళ్ల కోసం ఆ చోటు గురించి కొంచెం. న్యూజిలాండ్ దక్షిణ కొసన బ్లఫ్ అనే ఊరుంది. అక్కడ ఫెర్రీ ఎక్కితే గంటలో స్టీవర్ట్ ఐలాండ్. అక్కడి మూలవాసులైన మావోరీల భాషలో ఆ దీవి పేరు రకియురా. అందులో 80 శాతానికి పైగా 2002లో నేషనల్ పార్కు అయింది. దీవిలోని ఒబాన్ అనే ఊరి నుంచి బయల్దేరి ఉత్తర తీరం, పడమటి తీరం చుట్టి మళ్లీ ఒబాన్‌కే వచ్చే దారి 125 కిలోమీటర్లు. మామూలుగా 9 నుంచి 11 రోజులు పడుతుంది. మధ్యలో కొట్టు లేదు, కరెంటు లేదు. తిండి, స్టవ్, పడుకునే సంచీ అన్నీ వీపు మీదే మోయాలి. రాత్రికి హట్‌లో (నడిచేవాళ్ల కోసం దారిలో కట్టిన చిన్న ఇల్లు) చెక్క బల్ల మీద పడక, ట్యాంకులో పట్టిన వాన నీళ్లు.

సముద్రం పక్కనే కదా, చల్లగా నడవొచ్చు అనుకుంటారు. ఎక్కువ దారి అడవిలోనే, ఎక్కుడు దిగుడు. ఆపైన బురద! చెట్ల వేర్ల మధ్య నల్లగా, కొన్నిచోట్ల మోకాలి దాకా దిగబడుతుంది. పక్కనుంచి తప్పించుకుంటూ పోతే దారి వెడల్పై మొక్కలు చస్తాయి, అందుకే మధ్యలోంచే నడవమంటారు.

అక్కడ నన్ను నడిపించింది మన పాకాల చెరువు కింద నాట్లు వేసే అక్కలు. వానాకాలంలో మా మరిది వాళ్ల పొలం దగ్గరికి వెళ్లినప్పుడు, దమ్ము చేసిన మడిలో నన్ను దింపి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించారు. "మడిమె ముందుగాల లేపు చెల్లె, సందుల గాలి జొరనియ్యి, అటెన్క కాలు గుంజు. ఒక్కపారి గుంజితే నడుం పోతది" అని ఒక అక్క నా పిక్క పట్టుకుని మరీ చూపించింది. మడమ కింద గాలి దూరగానే బురద పట్టు వదిలేస్తుంది, "బుస్" మని శబ్దం కూడా వినిపిస్తుంది. రకియురాలో ప్రతి గుంటలో అదే పని చేశాను, అమ్మాయికీ నేర్పాను. అక్కలారా, మీకు శతకోటి దండాలు. మరిదీ, ఇది వాళ్లకు తప్పకుండా చదివి వినిపించు.

చౌరస్తాలో చెప్పులు కుట్టే అన్న నా బూట్ల అంచుల చుట్టూ రెండు వరసల నైలాన్ దారం వేశాడు. ఒక్క కుట్టు ఊడలేదు. న్యూజిలాండ్‌లోకి మట్టి అంటిన బూట్లు రానివ్వరని ముందే చెప్పి, టూత్ బ్రష్ తీసుకుని నాతోపాటు కూర్చుని అడుగులు రుద్దిన పై వాటా చెల్లెలికి కూడా చాలా థ్యాంక్స్. వెంట తీసుకెళ్లే తిండి వివరాలు చెప్పే ఫారంలో సకినాల సంగతీ తనే రాయించింది. ఎయిర్‌పోర్టులో టెన్షన్ లేకుండా బయటపడ్డాం.

బిగ్ హెల్‌ఫైర్ హట్ చేరేసరికి నా మడమ బొబ్బలెక్కి చిట్లింది. అక్కడున్న భార్యాభర్తలు మేం అడగకుండానే గాయం కడిగి, తమ దగ్గరున్న టేపు సగం చుట్టి, మిగతా సగం మా సంచీలో పెట్టారు. వాళ్లకు తెలుగు రాదు, ఇది చదవరు. అయినా రాయకుండా ఉండలేను. వాళ్ల పుణ్యమా అని మేసన్ బే దాకా నడిచాను, పట్టపగలే కివి పక్షిని చూశాను. ముక్కు మొదలంటా గడ్డిలోకి గుచ్చి, ముక్కు కొసనున్న రంధ్రాలతో వాసన పీలుస్తూ, మమ్మల్ని పట్టించుకోకుండా తిరిగింది. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అన్నిటికంటే పెద్ద రుణం పక్కింటి వదినది. నేను లేనన్నాళ్లూ మా అత్తమ్మకు మందులు వేసి, రాత్రిళ్లు మా ఇంట్లోనే పడుకుంది. ఫోన్ సిగ్నల్ దొరకని చోట కూడా నాకు నిద్ర పట్టిందంటే నీ వల్లే వదినా.

గైటర్లు (బూట్లలోకి బురద పోకుండా కాళ్లకు కట్టుకునే తొడుగులు) ఇచ్చిన సార్‌కు: కడిగి ఆరబెట్టాను, ఆదివారం పొద్దున గ్రౌండ్‌కు తెస్తాను. ఫొటోలు కూడా అప్పుడే చూద్దాం.