బడి అసెంబ్లీ వార్తల్లో పిల్లలకు పనికొచ్చే వార్త కూడా ఒకటి ఉండాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను నల్గొండ జిల్లాలో ఒక మండల కేంద్రంలో మీసేవ నడుపుతాను, పక్కనే జడ్పీ హైస్కూల్. పొద్దున ప్రార్థన, ప్రతిజ్ఞ అయినాక ఒక పిల్ల మైకులో పేపర్ హెడ్డింగులు చదువుతది, షాపు దాకా వినిపిస్తది. ఢిల్లీ సంగతులు, క్రికెట్, వాన ఎక్కడ పడ్డది... అవన్నీ మంచివే, పేపర్ చదివే అలవాటు అట్లనే వస్తది. కానీ వింటున్న ఆ పిల్లలకే సంబంధించిన వార్త ఒక్కటి కూడా ఉండదు, నా బాధ అదే.

పేదింటి పిల్లలు చదువు ఆపొద్దని కేంద్రం ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ సంగతే చూడండి. ఎనిమిదో తరగతి పిల్లలు పరీక్ష రాసి సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ సెకండియర్ దాకా ఏడాదికి 12,000, అంటే నాలుగేళ్లకు 48,000 రూపాయలు. ప్రైవేట్ బడి పిల్లలకు ఇది లేదు, సర్కారు, జడ్పీ, ఎయిడెడ్ బడుల పిల్లలకే, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటొద్దు. కూలికి పోయే తల్లిదండ్రులకు ఇది ఎంత పెద్ద ఆసరానో చెప్పక్కర్లేదు. అయినా ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం నా దగ్గరికి ఎప్పుడు వస్తారంటే రేపే లాస్ట్ డేట్ అనంగా వస్తారు. అప్లై చేసినా తహసీల్దార్ ఆఫీసు నుంచి రావాలి కదా, ఒక్క రోజులో ఎక్కడొస్తది, ఆ తల్లి మొహం చూసి నేను ఏం చెప్పను. ఇంకా ఘోరం ఏంటంటే కష్టపడి సెలెక్ట్ అయిన పిల్లలు కూడా ఏటా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయాలని తెలియక మధ్యలో పోగొట్టుకుంటున్నారు, ఆధార్‌లో పేరు ఒక తీరు బడి రికార్డులో ఇంకో తీరు ఉండి ఆగిపోయేవి వేరే. ముందే తెలిస్తే ఇవన్నీ సరిచేసుకునే పనులే.

ఇంకా చాలా ఉన్నయి. బడి పిల్లల సైన్స్ ఐడియాల కోసం కేంద్రం పెట్టిన ఇన్‌స్పైర్ మానక్‌కు పిల్లల ఐడియా సెలెక్ట్ అయితే మోడల్ చేసుకోనీకి 10,000 పిల్లల అకౌంట్‌లోనే పడతది. ఇస్రో వాళ్లు అంతరిక్షం గురించి నేర్పే యువిక శిబిరం ఉంది, తొమ్మిదో తరగతి వాళ్లకు, పంచాయతీ పరిధిలోని బడిలో చదివితే అదనపు వెయిటేజీ కూడా ఇస్తరు, రానుపోను ఖర్చు, ఉండడం, తినడం అంతా ఇస్రోదే. మా ఊరి పిల్లల కోసమే పెట్టినట్టు ఉంది కదా! టెన్త్ అయినాక పాలిటెక్నిక్ సీట్లకు పాలిసెట్, గురుకుల జూనియర్ కాలేజీల ఎంట్రన్స్, బాసర ట్రిపుల్ ఐటీ. బాసరలో సర్కారు బడి పిల్లలకు స్కోర్ కలుపుతరని టెన్త్ చదివే పిల్లలకే తెలియట్లేదు.

నేను సార్లను తప్పు పట్టట్లేదు. సర్క్యులర్ డీఈవో ఆఫీసు నుంచి ఎంఈవోకి, అక్కడి నుంచి హెడ్మాస్టర్ల వాట్సాప్ గ్రూపుకి వస్తది, మధ్యాహ్న భోజనం లెక్కలు, యూడైస్ (బడి వివరాల ఆన్‌లైన్ రికార్డు) ఎంట్రీలు, ఆన్‌లైన్ రిపోర్టుల మెసేజ్‌ల కింద పడిపోతది. కార్పొరేట్ స్కూల్లో ఇట్లాంటివి చూసుకోనీకి ప్రత్యేకంగా మనిషి ఉంటడు, జడ్పీ బడిలో క్లర్కు పని కూడా టీచరే చేయాలి.

అందుకే రెండు అడుగుతున్నా. ఒకటి, అసెంబ్లీలో వార్తల తర్వాత ఒక్క నిమిషం, ఏ క్లాసు వాళ్లకు ఏం నోటిఫికేషన్ వచ్చింది, ఆఖరి తేదీ ఎప్పుడు, ఏ కాగితాలు కావాలి అని చదివించాలి, అదే బోర్డు మీద రాసి తేదీ అయిపోయేదాకా చెరపొద్దు. మంత్లీ పేరెంట్స్ మీటింగులో కూడా చెప్పాలి, ఎందుకంటే సర్టిఫికెట్ కోసం ఒకరోజు కూలి ఇడిసిపెట్టి తిరగాల్సింది తల్లిదండ్రులే.

రెండోది మీకే. జిల్లా పేజీలో రోజూ చిన్న బాక్స్ వేయండి సార్, ఆరు నుంచి పది దాకా పిల్లలకు ఏమేం నడుస్తున్నయో, తేదీలతో. ర్యాంకుల యాడ్లకు ఫుల్ పేజీ ఉంటది కదా, దీనికి నాలుగు లైన్లు చాలు. మీ పేపర్ రోజూ ఆ మైకు దగ్గరికి పోతనే ఉంది, ఆ బాక్స్ ఉంటే హెడ్డింగులు చదివే పిల్ల దాన్నీ చదివేస్తది. వచ్చే ఎన్‌ఎంఎంఎస్ నోటిఫికేషన్ నుంచే మొదలుపెట్టాలని కోరుతున్నా.

ఇట్లు,
ఒక మీసేవ ఆపరేటర్, నల్గొండ జిల్లా