ఆరో నెలలో రావాల్సిన సీసా తొమ్మిదో నెలలో వస్తే ఎలా?

ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. మాది నెల్లూరు జిల్లా, ఉదయగిరి దగ్గర మెట్ట ఊరు. పోయిన నెల మా పాపకు తట్టు టీకా వేయించడానికి తీసుకెళ్తే, సూది వేశాక ఐరన్ సిరప్ సీసా ఒకటి చేతిలో పెట్టారు. ఎప్పటినుంచి పోయాలక్కా అంటే "ఆరో నెల నుంచి" అంది సూది వేసిన అక్క. పాపకు తొమ్మిది నిండాయి. మరి ఈ మూడు నెలలూ సీసా యాడున్నట్టు?

తప్పు ఆ అక్కది కాదులెండి. 14 వారాల టీకా అయ్యాక మళ్లీ తొమ్మిదో నెల దాకా సూది లేదు, మేమూ అటు పోము. సరిగ్గా ఆ మధ్యలోనే బిడ్డ పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వ అయిపోతుంది, తల్లిపాలతో వచ్చేది చాలదు. నెల్లూరంటే చేపల పులుసు అంటారు గానీ, మా మెట్టలో ఆ వయసు బిడ్డ నోట్లో పడేది పప్పుకట్టు, చారన్నమే.

ఇనుము తగ్గితే బిడ్డ పాలిపోతుందని అందరికీ తెలుసు. టీకా కూడా సరిగ్గా పట్టకపోవచ్చని కెన్యా పసిపిల్లల మీద జరిగి 2020లో అచ్చయిన అధ్యయనం చెబుతోంది. తట్టు టీకా వేసే రోజుల్లో ఐరన్ కలిపిన పొడి తిన్న పిల్లల్లో, ఐరన్ లేని పొడి తిన్నవాళ్లకన్నా తట్టుతో పోరాడే యాంటీబాడీలు ఎక్కువగా తయారయ్యాయి. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు, దీన్ని చూసి ఎవరూ టీకా వాయిదా వేయకూడదు కూడా. కానీ 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఆరు నెలలు దాటిన అయిదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది, ఆ సిరప్ ఎలాగూ ఇవ్వాల్సిందే, అదేదో టీకాకు ముందే ఇవ్వొచ్చు కదా!

ఆశా కార్యకర్త మూడు, ఆరు, తొమ్మిది నెలలకు ఇంటికి రావాలని మీ పథకంలోనే ఉంది. ఆ ఆరో నెలకు ఆమె సంచిలో సీసా ఉండేలా చూడండి, ఇచ్చిన తేదీ కార్డులో రాయించండి. వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు, అంతే. దొడ్డికి నల్లగా పోతే భయపడొద్దని కూడా చెప్పించండి. మాకు ఎవరూ చెప్పలేదు, రెండోసారి పోయగానే మా అమ్మ "బిడ్డకు పడలా" అని సీసా అటకెక్కించింది, నేను ఫోన్‌లో చదివి దించాల్సి వచ్చింది.

మా పక్కింటి బాబుకు వచ్చే నెల ఆరు నిండుతాయి. వాళ్లింటికి సీసా ఎప్పుడొస్తుందో చూస్తుంటాను.

ఇట్లు,
ఉదయగిరి వైపు ఒక తండ్రి