ప్రొబేట్ గొడవ

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. మీ మామయ్య తన వీలునామాలో నిన్నే ఎగ్జిక్యూటర్‌గా, అంటే దాన్ని అమలు చేసే మనిషిగా రాశారంటే నీ మీద ఎంత గురో! దాంతోపాటు ఈ తలనొప్పీ నీకే రాసిచ్చి పోయారు. ‘ప్రొబేట్ లేకుండా చిల్లిగవ్వ ముట్టుకోకూడదు’ అని మీవాళ్లెవరో బెదిరిస్తున్నారట. ప్రొబేట్ అంటే ఏం లేదు, వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు.

వాళ్లన్నది ఉత్తి మాటేం కాదులే. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో 213వ సెక్షన్ అని ఒకటుండేది. దాని ప్రకారం ప్రొబేట్ తెచ్చుకోకపోతే ఎగ్జిక్యూటర్ కోర్టులో తన హక్కు నిరూపించుకోవడానికి వీలుండేది కాదు. కాకపోతే హిందువులకు అది పాత బెంగాల్ ప్రాంతంలోనూ, మద్రాసు, బొంబాయి నగరాల్లోనూ మాత్రమే వర్తించేది. మన తెలుగు జిల్లాల్లో రాసిన వీలునామాకి, ఇక్కడి ఆస్తికి ఆ బాధ లేదు. మీ మామయ్య చెన్నై ఫ్లాట్ ఒక్కటే దాని కింద చిక్కేది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ సెక్షన్‌నే తీసేసింది. అసలు నీ అధికారం వీలునామా నుంచి వచ్చింది, కోర్టు ఇచ్చింది కాదు.

మరి ప్రొబేట్ కోసం కోర్టుకు వెళ్లొద్దా అంటే, మామయ్య చిన్నకొడుకు సంగతి ఆలోచించు. ‘ఆ సంతకం నాన్నది కాదు’ అని ఇప్పటికే నలుగురిలో అంటున్నాడన్నావు. అలాంటి చోట నేనైతే వెళ్లమంటాను. ఒకసారి ప్రొబేట్ వచ్చిందంటే ఆ వీలునామా నిజమా కాదా అని మళ్లీ పేచీ పెట్టడం కష్టం. వాడు అడ్డం తిరిగితే మాత్రం అదే పెద్ద దావాగా మారి ఏళ్లు పడుతుంది, కోర్టు ఫీజు సరేసరి. ఇంకోటి, ఆ ఖాళీ స్థలం మామయ్యదేనా కాదా అన్నది ప్రొబేట్ కోర్టు తేల్చదు. దానికి వేరే కేసే.

ఇప్పుడు వీలునామా చివరి పేజీ తీసి సాక్షుల సంతకాలు చూడు. ఇద్దరుండాలి. రిజిస్టర్ అయిందిగా అని ధీమా పడకు. కోర్టులో నిరూపించాల్సి వస్తే బతికున్న సాక్షి ఒకరైనా వచ్చి ‘మా ముందే సంతకం పెట్టారు’ అని చెప్పాల్సిందే. ఇద్దరూ పోతే ఇక చేతిరాత పోల్చి చూపించుకోవాలి, ఆ తిప్పలు పగవాడికి కూడా వద్దు. మీ సాక్షుల్లో ఒకాయన మంచాన పడ్డారన్నావుగా, రెండో ఆయన ఎక్కడున్నారో ముందు కనుక్కో. చిన్నవాడు నిజంగా గొడవకే దిగేలా ఉంటే ఇక ఆలస్యం చేయకు.

వీలునామా జిరాక్సు ఒకటి పంపించు, చూస్తాను. ఒరిజినల్ మాత్రం ఎవరడిగినా ఇవ్వకు, పెద్దవాడడిగినా సరే.

నీ
పాత బెంచీ మేట్