పంగిడి కంకరకి చుట్టాలు

క్యూర్‌పిప్, మారిషస్

నాన్నగారికి నమస్కారాలు.

టీవీలో అగ్నిపర్వతం చూసి అమ్మ రాత్రంతా నిద్రపోలేదని చెల్లాయి ఫోన్లో చెప్పింది. ఆ మండేది ఇక్కడ కాదు, పక్కనున్న రీయూనియన్ దీవిలో. మధ్యలో దాదాపు రెండొందల కిలోమీటర్ల సముద్రం ఉంది. ఆ కొండ తరచూ పొంగుతూనే ఉంటుంది, మన గోదారికి వరదొచ్చినట్టు. ఇక్కడి కొండలు చల్లారి పాతిక ముప్పై వేల ఏళ్ళు అయిందంటారు. ఈ ముక్క అమ్మకి చదివి వినిపించండి, మిగతాది మీకు.

మా ఊరి నడుమనే ఒక పాత అగ్నిపర్వత బిలం ఉంది. ట్రూ ఓ సెర్ అంటారు, జింకల గొయ్యి అని అర్థం. లోతు 80 మీటర్ల దాకా ఉంటుంది. పొద్దున్నే దాని అంచున జనం వాకింగ్ చేస్తారు. మొదటిసారి వెళ్ళినప్పుడు కాస్త పొగైనా కనిపిస్తుందనుకున్నాను. అడుగున చెట్లు, బురద నీళ్ళు. ఎండాకాలంలో మన ఊరి చెరువు వాలకం, అంతే!

మన గోదారి లంకలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళూరతాయి, గులకరాయి దొరకదు. ఇక్కడ మా సైటులో అడుగు మన్ను తియ్యగానే నల్లరాయి తగిలింది. బ్రేకరు రోజంతా కొట్టినా పునాది గొయ్యి సగం కాలేదు. పగిలిన ముక్క చేతిలోకి తీసుకుంటే, మీరు స్లాబుకి పంగిడి నుంచి తెప్పించిన నల్ల కంకరే గుర్తొచ్చింది. పోలికేమో అనుకున్నాను. చదివితే తెలిసింది, చుట్టరికమేనట.

భూమి లోపల ఒకచోట ఆరని పొయ్యి ఉందనుకోండి. పైనున్న నేల మెల్లగా జరుగుతుంటుంది, పొయ్యి ఇంచుమించు ఉన్నచోటే ఉంటుంది. 6.6 కోట్ల ఏళ్ళ కిందట దాని మీద మన దేశం ఉంది. అప్పుడు పొంగిన లావాయే దక్కను నల్లరాయి. అందులో కొంత పాత నదీలోయలు పట్టుకుని వెయ్యి కిలోమీటర్ల దాకా పారి రాజమండ్రి దగ్గర గడ్డకట్టిందని శాస్త్రవేత్తలు అంటారు. గోదారికి ఆ గట్టున పంగిడిలో, ఈ గట్టున కాతేరులో ఉన్నది అదే. తరవాత మన నేల ఉత్తరానికి జరిగిపోయింది. పొయ్యి మీదకి సముద్రం వచ్చింది. మాల్దీవుల కింది కొండల వరస, దాదాపు 90 లక్షల ఏళ్ళ కిందట మారిషస్, ఆ వెనక రీయూనియన్, అన్నీ దాని పనే. అమ్మ టీవీలో చూసింది ఆ పొయ్యినే.

ఇంకో సంగతి. గోదారి పుట్టే త్రయంబకం కొండలూ ఆ రాయే, నది నీళ్ళు లాక్కొచ్చే నేలలో దాదాపు సగం అదే. అది అరిగి ఒండ్రయి దిగింది. రాయి లేదంటామే గానీ, మన కొబ్బరి మొదళ్ళలో దాని పిండి ఉంది.

ఈ దీవి ఒకప్పుడు డాలు బోర్లించినట్టు ఒకటే పెద్ద కొండట. నడుము కుంగింది, వానలు కోసేశాయి, చుట్టూ అంచులు మొండి కొండలై మిగిలాయి. అన్నిటికన్నా ఎత్తయినది 828 మీటర్లే. ఏటి కోతకి మన తోటలో రెండు వరసలు పోయిన రోజున మీరు అన్నం ముట్టలేదు. ఇక్కడా ఆ కోతే, కాకపోతే తీరిగ్గా.

చెరకు తోటల మధ్య నల్లరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. దున్నడానికి అడ్డమని కూలికొచ్చిన మన దేశంవాళ్ళు చేతుల్తో ఏరి పేర్చినవి. అందులో మన వైపు వాళ్ళూ ఉన్నారు. కోరంగి రేవులో ఓడెక్కి వచ్చారని తెలుగువాళ్ళని ఇక్కడ కోరింగీలు అనేవారు. ఒండ్రులో నాట్లు వేసిన చేతులు ఈ రాళ్ళని ఎలా మోశాయో! మా బ్రేకరు మేస్త్రీ విసుక్కున్నప్పుడల్లా అతనికి ఆ గుట్టలు చూపిస్తాను.

స్లాబు పోయగా మిగిలిన కంకర ఎవరికీ ఇచ్చెయ్యకండి, ఒక గుప్పెడైనా ఉంచండి. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇక్కడి ముక్క పక్కన పెట్టి చూద్దాం. కొబ్బరి దింపు అయిందా? కాయ ఎంత పలికింది?

మీ అబ్బాయి