డయాలసిస్ వద్దన్న పెద్దలకు కూడా వైద్యం ఉండాలి

సంపాదకులు గారికి,

మన పత్రికల్లో డయాలసిస్ గురించి వచ్చే వార్తలు చాలావరకు యంత్రాల సంఖ్య, పడకల కొరత, కొత్తగా తెరిచిన కేంద్రాల గురించే ఉంటాయి. ఉద్దానం గోడు విన్న తెలుగువాళ్లకు ఆ వార్తల విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి రావడానికి 2023 డిసెంబరు దాకా పట్టింది. అయితే వైద్యం అందుబాటులో ఉండి, డబ్బుకు ఇబ్బంది లేక, అంతా విని అర్థం చేసుకున్నాక కూడా ఒక పెద్దావిడ "నాకొద్దు" అంటే ఏం చేయాలన్న సంగతి ఎవరూ రాయడం లేదు. బెంగళూరులో మా కుటుంబం ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉంది.

మా మేనత్తగారికి 82 ఏళ్లు. స్వస్థలం మదనపల్లె. కృష్ణరాజపురంలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఎన్నో ఏళ్లుగా షుగరు, గుండెకు స్టెంట్లు. రెండు కిడ్నీలూ కలిసి పదో వంతు కూడా పనిచేయడం లేదని, చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా రక్తనాళాలను కలిపే చిన్న ఆపరేషన్) వేయించుకుని వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున డయాలసిస్ చేయించుకోవాలని డాక్టరుగారు చెప్పారు. ఆ సలహాలో తప్పేమీ లేదు. ఆవిడ ఓపిగ్గా విని, దీనితో కిడ్నీలు బాగవుతాయా అని, ఎన్నాళ్లు చేయించుకోవాలి అని అడిగారు. బాగవవని, బతికినన్నాళ్లూ చేయించుకోవాల్సిందేనని డాక్టరుగారు దాచకుండా చెప్పారు. "అయితే నాకొద్దు నాయనా, మందులతో ఎన్నాళ్లుంటే అన్నాళ్లుంటాను" అన్నారావిడ. నాలుగు గంటలని కాగితం మీద రాస్తారు గానీ, టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్ కూడా కలుపుకుంటే అది ఒక పూట ప్రయాణమని ఆవిడకు మాకన్నా బాగా తెలుసు.

ఆ రోజు నుంచి అందరూ ఆవిడతో తప్ప మిగతావాళ్లందరితో మాట్లాడుతున్నారు. కన్నతల్లిని చూస్తూ చూస్తూ వదిలేస్తావా అని బావకు ఫోన్లు, నలుగురూ ఏమంటారోనని బావకు బెంగ. రక్తపరీక్ష అని చెప్పి తీసుకెళ్లి మెడలో డయాలసిస్ గొట్టం వేయించేస్తే తర్వాత ఆవిడే సర్దుకుంటారని దగ్గరి బంధువొకరు సలహా కూడా ఇచ్చారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు, ప్రేమతోనే అన్నారు. కానీ తెలివితో ఉన్న మనిషికి ఏ వైద్యం చేయాలన్నా ఆ మనిషే ఒప్పుకోవాలని, రోగి మత్తులో ఉండగా ఆమె తల్లి దగ్గర తీసుకున్న అంగీకారం కూడా చెల్లదని సుప్రీంకోర్టు 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో స్పష్టంగా చెప్పింది. తల్లి సమ్మతే చెల్లనప్పుడు కొడుకు సమ్మతి, అదీ అబద్ధం చెప్పి సంపాదించింది, ఎలా చెల్లుతుంది?

ఆవిడ నిర్ణయం వట్టి మొండితనమూ కాదు. వృద్ధుల సంరక్షణ గృహాల్లో ఉంటూ డయాలసిస్ మొదలుపెట్టిన 3,702 మంది అమెరికన్లను పరిశీలించి 2009లో వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది తిరిగేసరికి 58 శాతం మంది చనిపోయారు. మొదట్లో తమ పనులు తాము ఎంతవరకు చేసుకోగలిగేవారో ఆ స్థాయిని నిలుపుకున్నది 13 శాతం మందే. వాళ్లు అప్పటికే బాగా నీరసించినవాళ్లు కాబట్టి ఈ లెక్క పెద్దవాళ్లందరికీ వర్తించదు. డయాలసిస్ మీద ఏళ్ల తరబడి హాయిగా తిరిగే డెబ్బై ఏళ్లవారు కూడా ఉన్నారు. వాంతులు, విరేచనాల వల్లనో, ఇన్ఫెక్షన్ వల్లనో కిడ్నీలు ఒక్కసారిగా దెబ్బతిన్నవాళ్ల సంగతి పూర్తిగా వేరు. కొన్నిసార్లు చేయించుకుంటే వాళ్లలో చాలామంది కోలుకోవచ్చు, కాబట్టి ఈ ఉత్తరం చూపించి ఎవరూ అటువంటి చికిత్స మానుకోకూడదు.

వద్దన్న ప్రతి మాటనూ వెంటనే తలవంచి ఒప్పుకోవాలని కూడా నేను అనడం లేదు. ఆ మాట వెనుక సూదుల భయం ఉండవచ్చు, దిగులు ఉండవచ్చు, రక్తంలో మలినాలు పెరిగి మనసు మందగించి ఉండవచ్చు. కొడుక్కి భారమవుతానన్న లెక్క ఉంటే అది ఇష్టమే కాదు. అందుకే వేర్వేరు రోజుల్లో, ఆవిడ భాషలో, కొడుకూ కోడలూ లేకుండా కూడా ఒకసారి అడగాలి. ఇంట్లోనే పొట్ట ద్వారా చేసుకునే డయాలసిస్ ఉందని చెప్పాలి. కొన్ని వారాలు చేయించుకుని చూసి, నచ్చకపోతే మానేయవచ్చని చెప్పాలి. మేము ఇవన్నీ చెప్పాము. ఆవిడ మాట మారలేదు.

నా అసలు ఫిర్యాదు ఆ తర్వాత జరిగినదాని గురించి. వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్తున్నామని బావతో సంతకం పెట్టించుకుని ఆసుపత్రివాళ్లు మమ్మల్ని పంపించేశారు. మళ్లీ ఎప్పుడు రావాలో ఆ కాగితంలో లేదు. డయాలసిస్ వద్దన్నారంటే వైద్యమే వద్దన్నట్టు ఎందుకు లెక్క? ఒంట్లో నీరు చేరకుండా మందులు, రక్తం పెరగడానికి ఇంజెక్షన్లు, పొటాషియం మీద నిఘా, రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని దురదకు, వికారానికి, చివరి రోజుల్లో ఆయాసానికి మందులు, ఇవన్నీ కిడ్నీ వైద్యంలో భాగమే. డయాలసిస్ లేకుండా చేసే ఈ వైద్యాన్ని డాక్టర్లు కన్సర్వేటివ్ కేర్ అంటారు; బాధలు తగ్గించే ఉపశమన వైద్యం, అంటే పాలియేటివ్ కేర్, అందులో భాగం. కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో 2021 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన 'మక్కలై తేడి మరుత్తువం' పథకంలో పొట్ట డయాలసిస్ సంచులనూ, ఈ ఉపశమన వైద్యాన్నీ రెండింటినీ ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. చేయించుకునేవారికీ, చేయించుకోలేనివారికీ ఒకే పథకంలో చోటుండడం నాకు నచ్చింది.

చట్టం గురించి కూడా చాలామందికి గందరగోళం ఉంది. గౌరవంగా మరణించే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది, ముందస్తు వీలునామా (మాట చెప్పలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే కాగితం) పద్ధతిని 2023 జనవరిలో సులభం చేసింది, కర్ణాటక ఆరోగ్యశాఖ 2025 జనవరిలో దాని అమలుకు ఉత్తర్వు ఇచ్చింది. డాక్టర్ల బోర్డులు, నోటరీ సంతకాలు మనిషి చెప్పుకోలేని స్థితికి చేరాక పనికొచ్చేవి. మా మేనత్తగారిలా తెలివితో నోరారా వద్దనేవారికి ఏ బోర్డు అనుమతీ అక్కర్లేదు. అయినా ముందుముందు మాట పడిపోతే మళ్లీ ఆ మెడ గొట్టం ప్రస్తావన వస్తుందని, వీలునామా కూడా రాయించమని ఆవిడే బావను అడుగుతున్నారు. ఆయన ఇంకా వాయిదా వేస్తున్నారు.

కర్ణాటకలోని ఆసుపత్రుల కిడ్నీ విభాగాలకు నా మనవి ఒకటే. డయాలసిస్ వద్దన్నవారిని పంపించేటప్పుడు వాడాల్సిన మందులు, మళ్లీ రావలసిన తేదీ, అర్ధరాత్రి ఆయాసం వస్తే ఎవరికి ఫోను చేయాలో కన్నడంలోనూ, సరిహద్దు జిల్లాల నుంచి వచ్చే మాలాంటివారి కోసం తెలుగులోనూ రాసి ఇవ్వాలి. డయాలసిస్ కేంద్రాల జాబితాలు వేసే మీ పత్రిక, బెంగళూరులోనూ రాయలసీమలోనూ పాలియేటివ్ కేర్ విభాగాలున్న ఆసుపత్రుల వివరాలు కూడా ఒకసారి ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, కృష్ణరాజపురం, బెంగళూరు