టొలీన్ వాసన గురించి, అన్ని షిఫ్టులకూ

అన్నలకు, తమ్ముళ్ళకు నమస్తే. సాల్వెంట్ రికవరీ (గాలిలో కలిసిన టొలీన్ అనే ద్రావకాన్ని తిరిగి పట్టుకునే యూనిట్) దగ్గర టొలీన్ వాసన వస్తోందని రాత్రి షిఫ్ట్ వాళ్ళు చెప్పారు. ప్లాంటన్నాక ఆ మాత్రం ఉంటుందిలే అని వదిలేయకండి.

నా అనుమానం బెడ్లు మార్చే వాల్వుల మీదే. ఒక కార్బన్ బెడ్ టొలీన్ ఆవిరిని పట్టుకుంటుంటే, ఇంకోటి పట్టుకున్నది వదిలించడానికి దానికి స్టీమ్ పెడతాం కదా, రోజంతా తెరుచుకుని మూసుకునేవి అవే. సీటు (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనుకునే చోటు) మీద కార్బన్ పొడి చేరితే వాల్వ్ పూర్తిగా కూర్చోదు. ప్యానెల్ మాత్రం ‘క్లోజ్’ అనే చూపిస్తుంది, లోపల సన్నగా పోతూనే ఉంటుంది. సీటు విప్పి చూడాల్సిందే.

ఫ్లాంజీలకు (పైపుల బోల్టు అతుకులకు) సబ్బునీళ్ళు బ్లోయర్ తర్వాత, ప్రెజర్ ఉన్న వైపు పూయండి. సక్షన్ వైపు ఎంత పూసినా బుడగ రాదు, లీకుంటే అది గాలిని లోపలికే లాగుతుంది. బోల్టులు ఎదురెదురుగా బిగించండి. స్టోర్‌లో దొరికిందని మామూలు రబ్బరు గాస్కెట్ వేయొద్దు, టొలీన్‌కు ఉబ్బిపోతుంది. టెఫ్లాన్‌దే అడగండి, లేదంటే నాకు ఫోన్ చేయండి.

టొలీన్ ఆవిరి గాలికన్నా మూడింతలు బరువు. కాబట్టి డిటెక్టర్‌ను మొహం ఎత్తులో తిప్పి లాభం లేదు, నేలకు దగ్గరగా, డ్రైన్ గుంటల పక్కన పెట్టి చూడండి. గాలిలో సుమారు 1.1 శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. గుంటలోకి తల పెట్టొద్దు.

ఇంకోటి, మన కడప ఎండకు కూలర్ సరిగ్గా పనిచేయకపోతే వేడిగాలే బెడ్‌లోకి పోతుంది. వేడికి కార్బన్ తక్కువ పట్టుకుంటుంది, మిగిలిందంతా చిమ్నీ దారి పడుతుంది. అవుట్‌లెట్ రీడింగ్ పెరుగుతుంటే టైమర్ కోసం ఆగకుండా ఇన్‌ఛార్జికి చెప్పి బెడ్ మార్చండి.

రీడింగులు ఈ గ్రూపులోనే పెట్టండి. గుడ్ మార్నింగ్ ఫోటోల మధ్య వెతకలేక చస్తున్నాం.