ఫీజు ఎందుకు పెరుగుతోంది, బ్యాచ్ ఎందుకు తగ్గుతోంది

మన వెయిట్‌లిఫ్టింగ్ సెంటర్‌కి వస్తున్న అందరికీ, పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులకీ నమస్కారం. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి బ్యాచ్‌కి ఆరుగురినే తీసుకుంటాం. ఇప్పటిదాకా పదీ పన్నెండు మంది ఉంటున్నారు. ఫీజు నెలకి 1,200 రూపాయల నుంచి 1,600 అవుతుంది. ఒకేసారి నాలుగు వందలు పెంచడం చాలా ఇళ్లకి భారమేనని తెలుసు. అందుకే కారణాలు దాచకుండా చెబుతున్నాను.

స్నాచ్ అంటే బరువులు తగిలించిన కడ్డీని, అంటే బార్‌ని, నేల మీంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తడం. అందులో బార్ నేల వదిలి పైకి చేరడానికి పట్టేది ఇంచుమించు ఒక సెకను. మడమలు ముందే లేచాయా, చేతులు తొందరపడి ముడుచుకున్నాయా, బార్ ఒంటికి దూరంగా వెళ్లిందా, ఇవన్నీ కోచ్ చూడాల్సింది ఆ సెకనులోనే. చూసి, తర్వాతి రెప్‌కి, అంటే మళ్లీ ఎత్తేదానికి ముందు ఒకే ఒక్క మాట చెప్పాలి. నాలుగు మాటలు చెబితే ఎత్తేవాళ్లకి ఒక్కటీ గుర్తుండదు. పన్నెండు మంది ఎత్తుతుంటే ఇద్దరు కోచ్‌లం ప్రతి రెప్పునీ చూడటం జరిగే పని కాదు. కోచ్ చూసినా చూడకపోయినా, చేసిన తప్పు మాత్రం ఒంటికి అలవాటైపోతుంది.

సాయంత్రం బ్యాచ్‌లో ఒక కబడ్డీ అమ్మాయి ఉంది. కాళ్లలో గట్టి బలం. అయినా క్లీన్ (బార్‌ని నేల నుంచి భుజాల మీదికి ఎత్తడం) చేసేటప్పుడు బార్ మోకాళ్లు దాటగానే మోచేతులు ముడిచేసేది. చేతులు ముడుచుకున్నాక కాళ్ల బలం బార్‌దాకా రాదు, మధ్యలోనే పోతుంది. ఆమె ఎత్తే బరువు బాగా తగ్గించి, ప్రతి రెప్‌లోనూ బార్‌ని మోకాళ్లపైన రెండు సెకన్లు ఆపించాం. పాదం మొత్తం నేలకి ఆని ఉండాలి, భుజాలు బార్ కంటే కాస్త ముందుకి ఉండాలి, చేతులు తాళ్లలా వేలాడాలి. అక్కడి నుంచి కాళ్లతో ఒక్క ఊపున లేవాలి. కొన్ని వారాలు ఇదే పని. ఇప్పుడు బార్ ఆమె తొడల పైభాగాన్ని తాకి, నిటారుగా లేచి, భుజాల మీద మెత్తగా వాలుతోంది. పాత బరువు దాటేసింది. పక్కన ఎవరో ఒకరు నిలబడి ప్రతి రెప్పునీ చూశారు కాబట్టే అది కుదిరింది. ఆరుగురి బ్యాచ్ అంటే అందరికీ అలాంటి శ్రద్ధ దక్కుతుందని నా నమ్మకం.

కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్ వాళ్లూ, పోలీసు ఉద్యోగాల ఈవెంట్స్‌కి తయారవుతున్నవాళ్లూ "మాకు స్నాచ్ ఎప్పుడు నేర్పుతారు?" అని అడుగుతుంటారు. మీలో చాలామందికి పూర్తి స్నాచ్ అక్కర్లేదు. పరుగుకైనా గెంతుకైనా కావాల్సింది తుంటి, మోకాలు, చీలమండ ఒకేసారి వేగంగా తెరుచుకోవడం. మోకాళ్లపైనుంచి చేసే పవర్ క్లీన్ (పూర్తిగా కిందికి కూర్చోకుండా చేసే క్లీన్), పుల్స్ (బార్‌ని పైకి లాగడం వరకే), ఫ్రంట్ స్క్వాట్ (బార్ భుజాల ముందు పెట్టుకుని కూర్చుని లేవడం), వీటితో అది వస్తుంది. స్పైక్‌లు కొట్టి కొట్టి భుజం పట్టేసిన వాలీబాల్ పిల్లవాడి చేత తలపైన బరువు పట్టించను. ఎంత అడిగినా పట్టించను.

ఇక ఫీజులో పెరిగిన డబ్బు. అందులో ఎక్కువ భాగం బార్లకీ, వాటికి తగిలించే బరువులకీ, అంటే ప్లేట్లకీ పోతుంది. అమ్మాయిలకి 15 కిలోల బార్ విడిగా ఉండాలి. అది 25 మిల్లీమీటర్ల మందం, మగవాళ్ల 20 కిలోల బార్ 28. చిన్న చేతులతో హుక్ గ్రిప్ వేయాలంటే, అంటే బొటనవేలిని మిగతా వేళ్ల కింద బిగించాలంటే, ఆ మూడు మిల్లీమీటర్లే పెద్ద తేడా. బార్ చివర ప్లేట్లు తగిలించే గొట్టాలు (స్లీవ్‌లు) కూడా సాఫీగా తిరగాలి, లేదంటే క్లీన్‌లో ఆ తిరుగుడంతా మణికట్టు మీద పడుతుంది. చవక ప్లేట్ల మీద రాసిన బరువొకటి, కాటాలో తూగేదొకటి. మన వైపు వాళ్లకి కిలోల విలువ కొత్తగా చెప్పాలా? 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి గారు 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల మీదికి, అక్కడి నుంచి తలపైకి ఎత్తడం) 130, కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు. ఆమె పైనున్న ఇద్దరూ ఎత్తింది చెరో 242.5.

ఒంటి బరువు తగ్గించి పిల్లల్ని కింది బరువు కేటగిరీలో ఆడించమని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఎదిగే పిల్లలకి ఆ పని చేయను. పోటీకి రెండు గంటల ముందే తూకం మొదలవుతుంది. నీళ్లు మానేసి, చెమట కార్చి వచ్చిన పిల్ల ఆ కాస్త వ్యవధిలో కోలుకుని ఆరు లిఫ్టులు (స్నాచ్ మూడు, క్లీన్ అండ్ జెర్క్ మూడు) ఎలా ఎత్తుతుంది? ఇంతకంటే భయపడాల్సింది మందులకి. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో మన విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. స్వర్ణం గెలిచిన క్రీడాకారిణి డోప్ పరీక్షలో దొరకడంతో సంతోషి కాంస్యం రజతమైంది. ఆ శాంపిల్‌లో బయటపడినవి ఒంట్లో నీటిని మూత్రంగా పోగొట్టే మందులు. దొరికిన అమ్మాయి వయసు పదహారేళ్లే. నాకు ఆ కథలో మన పతకం కంటే ఆ వయసే ఎక్కువ గుర్తుంటుంది.

అందుకే సెంటర్లో పౌడర్లూ డబ్బాలూ అమ్మం. అమ్మితే అద్దె సులువుగా వెళ్లిపోతుందని చెప్పినవాళ్లున్నారు. కానీ డబ్బా మీద రాయని పదార్థం లోపల ఉండి శాంపిల్‌లో తేలితే, ఎవరు అమ్మారన్నది చూడరు, బాధ్యత క్రీడాకారుడిదే అంటారు. గుడ్లు, పాలు, పప్పు, చేపలు, కడుపునిండా అన్నం తినిపించండి. జ్వరానికైనా డాక్టర్ దగ్గరికి వెళితే, పిల్ల పోటీల్లో ఆడుతుందని ముందే చెప్పండి.

ఇప్పుడున్నవాళ్లెవరినీ తీసెయ్యడం లేదు. ఉదయం ఐదున్నరకి ఇంకో బ్యాచ్ పెడుతున్నాం, అందులోకి ఎవరు మారగలరో ఈ శనివారంలోగా చెప్పండి. జిల్లా సెలెక్షన్స్‌కి వెళ్లే పిల్లలకి ఈ ఏడాది పాత ఫీజే. కొత్త ఫీజు కట్టడం కష్టమైనవాళ్లు పిల్లల్ని మాన్పించకండి, క్లాసు అయ్యాక నాతో మాట్లాడండి. కొత్తగా చేరేవాళ్లు మొదటి నెల కర్రతోనూ ఖాళీ బార్‌తోనూ చేస్తారు. మెత్తటి సోలున్న రన్నింగ్ షూస్ వద్దు. లిఫ్టింగ్ షూస్ కొనలేకపోతే గట్టి అడుగున్న బూట్లేవైనా సరే, వేసుకుని రండి.